కోడి కూడా డైనోసారేనా? పక్షిలాంటి డైనోసార్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లవారుజామున ఓ పదిమందిమి కలిసి మా విశాఖలోని మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ దగ్గరికి పక్షుల్ని చూడ్డానికి వెళ్తుంటాం. ఓసారి మాతో వచ్చిన ఏడో తరగతి కుర్రాడు గట్టు మీద నిలబడిన నారాయణపక్షిని బైనాక్యులర్‌లో చూసి, "మాస్టారూ, దీని కాళ్లు అచ్చం డైనోసార్ కాళ్లలా ఉన్నాయి" అన్నాడు. "డైనోసార్ కాళ్లే నాన్నా, 'లా' అక్కర్లేదు" అన్నాను. ఆ రోజుతో మా పక్షుల లెక్క అటకెక్కింది. పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల నాన్నలు, వాట్సాప్‌లో ప్రశ్నలు మొదలుపెట్టారు. చెప్పిందే చెప్పి వేళ్లు నొప్పెట్టాయి కాబట్టి ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నల్ని ఇక్కడ రాసి పెడుతున్నాను. వరసలో పద్ధతేమీ లేదు.

పక్షులు డైనోసార్ల నుంచి వచ్చాయని పుస్తకాల్లో ఉంది. మీరేమో పక్షులే డైనోసార్లు అంటున్నారు. ఏది కరెక్టు?

రెండూ కరెక్టే. గబ్బిలానికి రెక్కలు వచ్చినంత మాత్రాన అది క్షీరదం కాకుండా పోయిందా? పిల్లలకు పాలిస్తుంది, ఒంటి మీద బొచ్చు ఉంది, కాబట్టి క్షీరదమే. అలాగే డైనోసార్ల వంశంలో ఒక కొమ్మ ఎగరడం నేర్చుకుంది. ఎగిరినందుకు వంశం మారదు. మనకు ఇది మింగుడు పడకపోవడానికి 'రాక్షసబల్లి' అనే మాట కూడా కొంత కారణమని నా అనుమానం. అవి బల్లులు కావు. అన్నీ రాక్షస సైజులోనూ లేవు, కొన్ని పావురమంతే ఉండేవి. ఆ మాట వినగానే ఈకలు లేని, పొలుసుల, పాకే జంతువు మనసులో పడిపోతుంది. ఇక దాన్ని కదపడం కష్టం.

ఇంకో మాట. ఆకాశంలో ఎగురుతూ బొమ్మల్లో కనిపించే టెరోసార్లు డైనోసార్లు కావు, పక్షులకు పూర్వీకులూ కావు. వాటి రెక్క ఒకే ఒక్క పొడవాటి వేలికి కట్టిన చర్మం.

మరి పక్షిలాంటి డైనోసార్లు ఏవి? చుట్టరికం కాస్త విడమర్చి చెప్పండి.

రెండు కాళ్ల మీద నడుస్తూ, ఎక్కువగా మాంసం తినే డైనోసార్లను థెరోపాడ్లు అంటారు. టి.రెక్స్ అందులోదే. ఆ వంశంలో చేతులు పొడుగై, మణికట్టు పక్కకు మడుచుకునే శాఖ పేరు మానిరాప్టోరా. ఇందులో పక్షులకు బాగా దగ్గరివి రెండు: డ్రోమియోసార్లు, అంటే వెలోసిరాప్టర్, డైనోనికస్, మైక్రోరాప్టర్ లాంటివి, ఇంకోటి ట్రూడాంటిడ్లు. వీటిని పక్షులకు పెదనాన్న పిల్లలు, చిన్నాన్న పిల్లలు అనుకోండి. పక్షి ముక్కున్న ఓవిరాప్టర్ల గుంపు అంతకుముందే వేరు పడిన దాయాదులు. భారీ గోళ్లతో ఆకులు తిని బతికిన థెరిజినోసార్లదీ దూరపు దాయాది వరసే. టి.రెక్స్ అయితే పెళ్లికార్డు పంపాలా వద్దా అని ఆలోచించే చుట్టం.

వెలోసిరాప్టర్ పక్షులకు తాత అని చాలామంది రాస్తుంటారు. కాదు. వెలోసిరాప్టర్ సుమారు 7.5 కోట్ల ఏళ్ల కిందట బతికింది. తొలి పక్షుల్లో ఒకటైన ఆర్కియోప్టెరిక్స్ వయసు 15 కోట్ల ఏళ్లు. తాత మనవడి తర్వాత పుట్టడేమిటని ఒకప్పుడు ఈ సిద్ధాంతాన్ని ఎద్దేవా చేసేవాళ్లు కూడా. తాత అనుకుంటేనే ఆ చిక్కు. అన్న కొడుకు అనుకుంటే చిక్కే లేదు. ఆ మీదట 2009లో చైనాలో ఆంకియోర్నిస్ అనే ఈకల డైనోసార్‌ను వర్ణించారు. దాని వయసు దాదాపు 16 కోట్ల ఏళ్లు, అంటే ఆర్కియోప్టెరిక్స్ కంటే పాతది. దాంతో ఆ ఎద్దేవా ఆగింది.

ఇదంతా రాళ్లలో చూడాలంటే మావల్ల కాదు. ఇంట్లో చూపించే మార్గం ఉందా?

ఉంది. ఆదివారం చికెన్. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. షాపులో ముక్కలు కొట్టించకుండా కోడిని మొత్తంగా తీసుకోండి. నాటుకోడైతే ఎముకలు గట్టిగా, స్పష్టంగా ఉంటాయి. ఉడికాక మాంసం తినేసి ఎముకలు కడిగి పేపరు మీద పేర్చండి. ఇంట్లో ఆడవాళ్లు ఏమంటారన్నది మీ అదృష్టం. మా ఇంట్లో ఒకసారి ఆ పేపరును చుట్టేసి బయట పడేశారు.

మొదట మెడ కింద, ఛాతీ పైన ఉండే ఇంగ్లిష్ వి ఆకారపు ఎముక చూడండి. రెండు కాలర్ ఎముకలు కలిసిపోతే ఏర్పడింది అది. ఈ చిన్న ఎముక వల్ల శాస్త్రం దాదాపు యాభై ఏళ్లు పక్కదారి పట్టింది. 1926లో గెర్హార్డ్ హైల్మన్ అనే డెన్మార్క్ ఆయన పక్షుల పుట్టుక మీద పెద్ద పుస్తకం రాసి, డైనోసార్లకూ పక్షులకూ ఇన్ని పోలికలున్నా డైనోసార్లకు కాలర్ ఎముకలు లేవు, ఒకసారి పోయిన ఎముక మళ్లీ రాదు, కాబట్టి పక్షులు వాటి నుంచి రాలేదని తేల్చేశాడు. లోకం నమ్మింది. తమాషా ఏమిటంటే, అంతకు రెండేళ్ల ముందే, 1924లో వర్ణించిన ఓవిరాప్టర్ శిలాజంలో ఆ ఎముక ఉంది. దాన్ని వేరే ఎముకగా పొరబడ్డారు. ఇప్పుడు వెలోసిరాప్టర్‌లోనూ టి.రెక్స్‌లోనూ దొరికింది.

తర్వాత వింగ్స్. చివరి ముక్కలో మూడు వేళ్లు కలిసిపోయి ఉంటాయి. బొటనవేలిలా ఒక చిన్న ముక్క విడిగా కదులుతుంది. వెలోసిరాప్టర్ చేతికీ మూడే వేళ్లు, కాకపోతే విడివిడిగా, గోళ్లతో. పచ్చి రెక్కను మడిచి, తెరిచి చూడండి. మణికట్టు పైకీ కిందికీ కాకుండా పక్కకు, విసనకర్రలా మడుచుకుంటుంది. అర్ధచంద్రాకారపు ఎముక ఒకటి ఆ పని చేయిస్తుంది. అమెరికాలోని మోంటానాలో 1964లో డైనోనికస్ ఎముకలు కనుగొని 1969లో వాటిని వివరంగా వర్ణించిన జాన్ ఆస్ట్రోమ్ సరిగ్గా ఈ ఎముకనే ఆ డైనోసార్ చేతిలో చూశాడు. తర్వాత ఆర్కియోప్టెరిక్స్ చేతిని పక్కన పెట్టి పోల్చాడు. పక్షులు డైనోసార్ల చుట్టాలేనని 1860ల్లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ చెప్పి, అందరూ మరిచిపోయిన మాటకు అక్కడే మళ్లీ ప్రాణం వచ్చింది.

లెగ్ పీస్‌లో లావు ఎముక పక్కన సూదిలాంటి సన్న ఎముక ఒకటి గొంతుకు గుచ్చుకునేలా ఉంటుంది కదా, డైనోసార్లలో అది మడమదాకా పూర్తి ఎముకగా ఉండేది. పక్షుల్లో సగంలో ఆగిపోయింది. కందనకాయ సంగతి కూడా చెప్పాలి. కోడి పళ్ల పనిని కందనకాయలో చేరిన రాళ్లు చేస్తాయి. చైనాలో దొరికిన కాడిప్టెరిక్స్ అనే ఈకల డైనోసార్ పొట్టలో అలాంటి రాళ్ల గుట్ట అలాగే నిలిచి ఉంది.

కోడిలో ఉండి ఆ పాత డైనోసార్లలో చాలావాటికి లేనివీ ఉన్నాయి. ఛాతీ మధ్యలో పడవ అడుగులా నిలబడే ఎముకకు బ్రెస్ట్ పీస్ మాంసమంతా అతుక్కుని ఉంటుంది. ఎగిరే బలం అక్కడిదే. ఆర్కియోప్టెరిక్స్‌కు కూడా అది లేదు.

ఈమధ్య ఆర్కియోప్టెరిక్స్ మీద కొత్తగా ఏదో బయటపడిందట. 1861లో దొరికిన దానిలో ఇంకా కొత్తేముంటుంది?

1861లో దొరికింది వేరు, ఇది వేరు. జర్మనీలోని బవేరియాలో సోల్న్‌హోఫెన్ సున్నపురాయి గనుల్లో ఇప్పటికి పద్నాలుగు ఆర్కియోప్టెరిక్స్‌లు బయటపడ్డాయి. పద్నాలుగోది చాలాకాలం ప్రైవేటు సేకరణలో ఉండిపోయి, 2022లో షికాగోలోని ఫీల్డ్ మ్యూజియానికి చేరింది. దాని వివరాలు 2025లో నేచర్ పత్రికలో వచ్చాయి. జింగ్‌మాయ్ ఓకానర్ బృందం చేసిన పని. పావురం సైజు పిట్ట అది, దొరికినవాటిలో అన్నిటికంటే చిన్నది.

ఈ శిలాజం విలువ సైజులో లేదు, శుభ్రం చేసిన తీరులో ఉంది. ముందే సీటీ స్కాన్ తీసి, ఎముక రాయిలో ఎంత లోతున ఉందో తెలుసుకుని, అతినీలలోహిత కాంతి కింద మెత్తటి చర్మపు ఆనవాళ్లు మెరుస్తుంటే వాటిని చెరపకుండా ఏడాదికి పైగా రాయిని తొలిచారు. పాత నమూనాల్లో ఇలాంటి ఆనవాళ్లు ఎన్ని గోకేశారో తలచుకుంటే బాధేస్తుంది.

ఫలితం ఏమిటంటే, భుజానికీ మోచేతికీ మధ్య ఎముక మీద పొడవాటి ఈకలు కనిపించాయి. వినడానికి చిన్న విషయంలా ఉంది కదా? కాకి ఎగురుతున్నప్పుడు కింద నుంచి చూడండి. రెక్క, ఒళ్లు ఒకే పలకలా ఉంటాయి, మధ్యలో సందు ఉండదు. ఆ సందు పూడ్చేవి ఈ ఈకలే. సందు ఉంటే గాలి అందులోంచి జారిపోయి రెక్కకు ఎత్తు రాదు. ఆర్కియోప్టెరిక్స్ చేతి పై ఎముక పొడవు కాబట్టి సందు ఇంకా పెద్దది, పూడ్చడం ఇంకా అవసరం. ఎగరలేని ఈకల డైనోసార్లలో ఈకలు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. అంటే ఆర్కియోప్టెరిక్స్ ఎగిరేది అనడానికి ఇది గట్టి ఆధారం. మన కోడిపుంజు గోడెక్కినట్టు కాసేపే ఎగిరి ఉండొచ్చు, అది వేరే సంగతి.

అదే రాయిలో కాలివేళ్ల కింది మెత్తలు కూడా మిగిలాయి. వాటిని బట్టి అది నేల మీద బాగా తిరిగేదని అంటున్నారు. చేతి వేళ్లు విడిగా కదిలేవి కాబట్టి చెట్టెక్కడానికీ వాడి ఉండొచ్చట. ఎగిరేది, నడిచేది, ఎక్కేది. ఇందులో ఏదో ఒకటే అయి ఉండాలని వందేళ్లకు పైగా వాదించుకున్నారు పాపం.

మణికట్టులో బఠాణీ ఎముక గురించి ఒకసారి చెప్పారు. మళ్లీ చెప్పండి.

మీ చిటికెన వేలి వైపు మణికట్టు మొదట్లో నొక్కితే గుండ్రంగా తగిలే చిన్న ఎముక ఉంది చూడండి, అది. పిసిఫార్మ్ అంటారు, ఆ పేరుకు బఠాణీ ఆకారమనే అర్థం. పాత థెరోపాడ్ డైనోసార్లలో ఇది ఏనాడో మాయమైపోయింది. పక్షుల్లో మాత్రం ఆ చోట ఒక ఎముక ఉండి, రెక్క కొట్టేటప్పుడు మణికట్టు జారిపోకుండా తాళం వేసినట్టు పట్టి ఉంచుతుంది. కోడిపిల్ల గుడ్డులో పెరుగుతున్నప్పుడు గమనిస్తే అది పాత పిసిఫార్మే, తిరిగొచ్చిందని తేలింది.

ఎప్పుడు తిరిగొచ్చింది? ఎగరడంతోపాటే అని అనుకునేవాళ్లు. 2025లో గోబీ ఎడారికి చెందిన రెండు శిలాజాల్లో, ఒక ట్రూడాంటిడ్, ఒక ఓవిరాప్టర్ జాతి జీవిలో, ఆ బఠాణీ గింజ అక్కడే కూర్చుని కనిపించింది. రెండూ ఎగరనివి. అంటే రెక్కను బిగించే తాళం ఎగరడం రాకముందే తయారై ఉంది.

ఇలాంటివే నన్ను ఎక్కువ ఆకట్టుకుంటాయి. పక్షిని పక్షిని చేసే వస్తువులు ఒక్కొక్కటీ వేరే వేరే కాలాల్లో, వేరే పనుల కోసం వచ్చి చేరాయి. కొత్త శిలాజం దొరికిన ప్రతిసారీ 'ఇది పక్షిది మాత్రమే' అనుకున్న జాబితాలోంచి ఇంకో పేరు కొట్టేయాల్సి వస్తోంది.

సినిమాల్లో చూపించే వెలోసిరాప్టర్ నిజంగా అలా ఉండేదా?

ఉండేది కాదు. నిజమైనది టర్కీ కోడి అంత, తోక కలిపితే రెండు మీటర్ల దాకా. ఈకలు ఉండేవి. మంగోలియాలో దొరికిన ఒక ముంజేయి ఎముక మీద వరసగా చిన్న బొడిపెలు ఉన్నాయని 2007లో గుర్తించారు. పెద్ద ఈకల మొదళ్లు ఎముకకు అతుక్కునే చోట్లు అవి. పావురం ముంజేతి ఎముకను వేలితో తడిమితే అవే బొడిపెలు తగులుతాయి.

ఈకల డైనోసార్ అన్న మాటకు తొలి రుజువు 1996లో చైనా లియావోనింగ్ నుంచి వచ్చిన సైనోసారోప్టెరిక్స్. దానివి నిజానికి ఈకలు కూడా కావు, కోడిపిల్ల నూగులాంటి పోగులు. 2012లో వర్ణించిన యూటిరానస్ అయితే టి.రెక్స్ బంధువు, తొమ్మిది మీటర్ల జంతువు, దాని ఒంటి మీదా పొడవాటి పోగులే. తొమ్మిది మీటర్ల జంతువు ఎగరదు కదా. కాబట్టి ఈకలు మొదట వచ్చింది ఒంటిని వెచ్చగా ఉంచడానికో, తోటివాటి ముందు హొయలు పోవడానికో. కంబాలకొండలో పురివిప్పిన నెమలిని చూసినవాళ్లకు రెండో కారణం వివరించనక్కర్లేదు.

రంగులు కూడా చెబుతున్నారు. కోట్ల ఏళ్ల తర్వాత రంగు ఎలా మిగులుతుంది?

రంగు మిగలదు, రంగు సంచులు మిగులుతాయి. ఈకలో రంగునిచ్చే మెలనిన్ చిన్న చిన్న రేణువుల్లో ఉంటుంది. పొడుగ్గా సాసేజ్‌లా ఉంటే నలుపు, గుండ్రంగా ఉంటే ఎర్రమట్టి రంగు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద వాటి ఆకారాన్ని ఇప్పటి పక్షుల ఈకలతో పోల్చుతారు. సైనోసారోప్టెరిక్స్ తోకకు ఇటుకరంగు, తెలుపు చారలు ఉండేవని 2010లో అలాగే తేలింది. ఆంకియోర్నిస్ ఒళ్లంతా నలుపు, తెలుపు, తల మీద ఎర్రటి కుచ్చు. మైక్రోరాప్టర్ మన కాకి మెడలా, ఎండలో నిగనిగలాడే నలుపు. పసుపు, ఆకుపచ్చ లాంటివి చాలావరకు వేరే పదార్థాల నుంచి వస్తాయి కాబట్టి ఈ పద్ధతికి దొరకవు. బొమ్మల పుస్తకంలో చిలకపచ్చ డైనోసార్ కనిపిస్తే అది చిత్రకారుడి సరదా.

డైనోసార్లు గుడ్లు పొదిగేవా?

కొన్ని పొదిగేవి, పైగా వాటి మీద ఒక అపవాదు కూడా ఉండేది. 1923లో మంగోలియా గోబీలో అమెరికన్ బృందానికి గుడ్ల గూడు దగ్గర ఒక అస్థిపంజరం దొరికింది. గుడ్లు ప్రోటోసెరాటాప్స్ అనే వేరే జంతువువని అనుకున్నారు. వీడు దొంగతనానికి వచ్చి చచ్చాడని, ఓవిరాప్టర్ అంటే గుడ్ల దొంగ అని పేరు పెట్టేశారు. 1993లో అలాంటి గుడ్డులోనే పిండం దొరికింది. చూస్తే అది ఓవిరాప్టర్ వంశపు పిల్లే. దొంగ కాదు, పెట్టో పుంజో తన గుడ్ల దగ్గరే ప్రాణం వదిలింది. పేరు మాత్రం శాస్త్ర నియమాల ప్రకారం మార్చడానికి లేదు, అలాగే ఉండిపోయింది.

అదే వంశంలో ఇంకో జంతువు గుడ్ల చుట్టూ చేతులు చాచి, మధ్యలో కూర్చున్న భంగిమలోనే రాయైపోయింది. ఆ చేతులకు ఈకలుంటే గుడ్లన్నీ కప్పుకుపోతాయి. మా అమ్మమ్మ గంప కింద పెట్టిన పొదిగే పెట్ట సరిగ్గా అలాగే కూర్చునేది. ఆ డైనోసార్ పేరు చితిపతి. అవును, మన సంస్కృతం మాటే. 2001లో ఆ పేరు పెట్టారు, బౌద్ధ సంప్రదాయంలోని శ్మశాన దేవతల పేరు నుంచి.

2021లో దక్షిణ చైనా నుంచి ఓవిరాప్టర్ జాతి గుడ్డు ఒకటి వచ్చింది. పొడవు 17 సెంటీమీటర్లు. లోపల పిల్ల వీపు వంచి, తల కాళ్ల మధ్యకు దించుకుని ముడుచుకుని ఉంది. గుడ్డు పగలబోయే ముందు కోడిపిల్ల కూడా అలాగే సర్దుకుంటుంది. 2004లో వర్ణించిన మెయ్ లాంగ్ అనే చిన్న ట్రూడాంటిడ్ అయితే నిద్రలోనే పోయింది. తలను చేతి కిందికి దూర్చి, తోకను ఒంటి చుట్టూ చుట్టుకుని, చలికి ముడుచుకున్న బాతులా. ఎముకలకు ఆకారమే కాదు, అలవాట్లు కూడా ఉంటాయని ఆ శిలాజం ఫొటో చూసినప్పుడే నాకు తట్టింది.

నాలుగు రెక్కల డైనోసార్ నిజమేనా?

నిజమే. 2003లో చైనా శాస్త్రవేత్త షు షింగ్ బృందం వర్ణించిన మైక్రోరాప్టర్‌కు చేతులకూ కాళ్లకూ ఎగిరే ఈకలే. చెట్ల మధ్య జారుతూ ఎగిరి ఉండొచ్చు. దీని కడుపులో చేపలు, పక్షి, బల్లి, చిన్న క్షీరదం పాదం కూడా దొరికాయి, ఏదీ వదల్లేదన్నమాట. మింగిన బల్లి కొత్త జాతి కావడంతో 2019లో దానికి ఇంద్రసారస్ అని పేరు పెట్టారు. వృత్రుడు ఇంద్రుణ్ణి మింగిన వేదకథ గుర్తొచ్చి పెట్టిన పేరు.

ఇంకా వింత యీ చీ, 2015. ఈకలున్నా రెక్క మాత్రం గబ్బిలంలా చర్మంతో, మణికట్టు నుంచి పొడుచుకొచ్చిన కర్రలాంటి ఎముక దన్నుతో. ఆ దారి ఎక్కువకాలం సాగలేదు.

అయితే మొదటి పక్షి ఆర్కియోప్టెరిక్స్ కాదా? ఒక్కోసారి ఒక్కోటి చెబుతున్నారేం?

కోపం న్యాయమే. సంగతి ఇది. చుట్టరికం తేల్చడానికి శాస్త్రవేత్తలు పెద్ద పట్టిక వేస్తారు. ఒక వరసలో జంతువులు, ఇంకో వరసలో వందల లక్షణాలు: ఈ ఎముకలో రంధ్రం ఉందా, ఆ వేలు పొడుగా, ఇలా. కంప్యూటర్ తక్కువ మార్పులతో కుదిరే వంశవృక్షాన్ని వెతుకుతుంది. పక్షులూ వాటి దగ్గరి బంధువులూ మొదట్లో ఎంత ఒకేలా ఉన్నాయంటే, పట్టికలో కొత్త జంతువు ఒక్కటి చేరినా కొమ్మలు జరుగుతాయి.

2011లో షియావోటింగియా అనే శిలాజం చేరగానే ఆర్కియోప్టెరిక్స్ పక్షుల కొమ్మ నుంచి వెలోసిరాప్టర్ వైపు కొమ్మకు దూకింది. పేపర్లలో గగ్గోలు. ఆ తర్వాతి విశ్లేషణలు మళ్లీ వెనక్కి తెచ్చాయి. రొమేనియాలో 2010లో వర్ణించిన బాలౌర్ కథ రివర్సు. ప్రతి కాలికీ రెండు కొడవలి గోళ్లు ఉన్నాయి కనుక డ్రోమియోసార్ అన్నారు. 2015లో ఇంకో బృందం, కాదు, ఎగరడం మానేసిన పక్షి కావచ్చంది. 1993 నాటి మోనోనికస్‌ను మొదట పక్షనే అనుకున్నారు. తర్వాత దాన్ని వేరే డైనోసార్ల గుంపులో వేశారు. ఇంటి పేర్లు ఒకటే అయిన ఊళ్లో పోస్ట్‌మ్యాన్ పడే టెన్షన్ ఇది.

2025లో చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం నుంచి వచ్చిన బామినోర్నిస్ మాత్రం గట్టి దెబ్బ. సుమారు 14.9 కోట్ల ఏళ్లది, అంటే దాదాపు ఆర్కియోప్టెరిక్స్ కాలందే. ఆర్కియోప్టెరిక్స్ తోక బల్లి తోకలా పొడుగు. దీని తోక పొట్టిది, చివర ఎముకలన్నీ కలిసి ఒకే ముద్దగా మారాయి, సరిగ్గా కోడి తోక ముడ్డిలో ఉన్నట్టే. అలాంటి తోక అంతకు దాదాపు రెండు కోట్ల ఏళ్ల తర్వాత వచ్చిందని అనుకునేవాళ్లు. చెయ్యి మాత్రం ఇంకా పాత డైనోసార్ పద్ధతిలోనే ఉంది. తల దొరకలేదు. అంటే ఆర్కియోప్టెరిక్స్ నాటికే పక్షుల్లో రకాలు ఏర్పడ్డాయి. అసలు మొదటిది ఇంకా ముందెక్కడో ఉంది.

పక్షి ఎక్కడ మొదలైందని గీత గీయడం మన అవసరం, వాటిది కాదు. నన్నడిగితే ఆర్కియోప్టెరిక్స్‌ను గీతకు ఇవతల, పక్షుల వైపే ఉంచుతాను. వేరేవాళ్లు వేరేగా గీస్తే పోట్లాడను.

విశాఖలో డైనోసార్ శిలాజాలు దొరుకుతాయా? పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

విశాఖలో దొరకవు. కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండలన్నీ ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు. ఇవి దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో ఉడికి గట్టిపడినవి. అప్పటికి డైనోసార్లు కాదు, చేపలు కూడా లేవు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు దానికి రెండో కొస. వేల ఏళ్లవి మాత్రమే, డైనోసార్లు పోయి చాలాకాలం. అక్కడ ఇసుక తవ్వి ఎముక కోసం వెతకొద్దు, దిబ్బలు పాడవుతాయి.

మన తెలుగు నేలలో డైనోసార్ల చోటు గోదావరి లోయ. ఆదిలాబాద్ వైపు రాళ్లలో జురాసిక్ నాటి కోటాసారస్, బారాపాసారస్ దొరికాయి. కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. రెండూ పొడుగు మెడ శాకాహారులు, పక్షిలాంటివి కావు. పక్షుల దగ్గరి బంధువు మన దేశంలో ఉందనడానికి తమిళనాడు కల్లమేడు నుంచి 2013లో వచ్చిన ట్రూడాంటిడ్ పన్ను ఆధారం. ఒక్క పన్నుతో కుటుంబం తేల్చడం నాకు కొంచెం బెరుకు. నాలుగు ఎముకలు కూడా దొరికితే బాగుండు.

ఈకల ముద్రలు మనకెందుకు దొరకవంటే, వాటికి లియావోనింగ్‌లోలాగ నిశ్చలమైన చెరువు అడుగు, మీద పిండిలాంటి సన్నటి అగ్నిపర్వతపు బూడిద కావాలి. నది ఇసుకలో ఎముకలు మిగులుతాయి, ఈకలు కాదు.

ఆన్‌లైన్‌లో డైనోసార్ ఈక, గుడ్డు అమ్ముతున్నారు. కొనొచ్చా?

వద్దు. ఓ ఎగ్జిబిషన్ స్టాల్లో డైనోసార్ గుడ్డని నేనూ ఒకటి కొన్నాను. జియాలజీ చదివిన స్నేహితుడు దాన్ని బకెట్ నీళ్లలో వేశాడు. నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి, గుడ్డు తెల్లబడింది. పెద్దవాళ్లు కూడా మోసపోయారులెండి. 1999లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆర్కియోరాప్టర్ అని ఒకదాన్ని గొప్పగా ప్రచురించింది. అది రెండు మూడు జంతువుల ముక్కల్ని అతికించిన బొమ్మని ఆ తర్వాత తేలింది. ముందు భాగం యానోర్నిస్ అనే పక్షిది, తోక మైక్రోరాప్టర్‌ది. అతుకులు సీటీ స్కాన్లో బయటపడ్డాయి. ఆ తోక మైక్రోరాప్టర్‌ను గుర్తించడానికి పనికొచ్చింది, అదొక్కటే లాభం.

మిగతా డైనోసార్లన్నీ పోతే పక్షులే ఎలా మిగిలాయి?

పక్షుల్లో కూడా ఎక్కువ పోయాయి. 6.6 కోట్ల ఏళ్ల కిందట మెక్సికో దగ్గర గ్రహశకలం పడ్డాక, పళ్ల పక్షుల గుంపులన్నీ డైనోసార్లతోనే తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పటి పక్షుల వంశం ఒక్కటే బయటపడింది. అందులో బెల్జియంలో దొరికిన ఆస్టెరియోర్నిస్ ఉంది, కోడికీ బాతుకూ పోలికలున్న చిన్న పిట్ట, ఆ ప్రళయానికి కాస్త ముందుది. ఎందుకు మిగిలాయన్న దానికి చిన్న ఒళ్లు, నేల మీద బతుకు, మట్టిలో మిగిలిన గింజలు తినగల ముక్కు లాంటి కారణాలు చెబుతారు. అదే కాలంలో దక్కన్ అగ్నిపర్వతాలూ లావా కక్కుతున్నాయి. ఆ లావా పాత నదీలోయల వెంట మన రాజమండ్రి దాకా వచ్చింది. కాతేరు దగ్గర, గోదావరి అవతల గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయి అదే. కారులో రాజమండ్రి వెళ్తే ఓ గంట ఆగి చూడండి.

కోడి నుంచి మళ్లీ డైనోసార్‌ను తయారుచేయొచ్చా?

డీఎన్ఏ అన్ని కోట్ల ఏళ్లు నిలవదు, కాబట్టి శిలాజం నుంచి కుదరదు. కోడిపిండంలో కొన్ని జన్యువుల పనిని అడ్డుకుంటే ముక్కు ఎముకలు పాత మూతి ఆకారానికి, కాలి సూది ఎముక మడమదాకా పెరిగే పద్ధతికి మళ్లాయని 2015, 2016 ప్రయోగాల్లో చూశారు. వాటిని గుడ్డులోంచి బయటికి రానివ్వలేదు. మొన్న ఈ సంగతి చెబితే ఆ ఏడో తరగతి కుర్రాడే, "మాస్టారూ, పొదిగితే దాన్ని కోడి షాపులో కేజీ ఎంతకి అమ్ముతారు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇంకా రాయలేదు.